డిజాన్ ఆవాలన్నీ డిజాన్‌వి కావండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం అనుబంధంలో ఫ్రాన్స్ పల్లెల్లో ఫుడ్ అండ్ వైన్ టూర్ గురించి రెండు పేజీల నిండా వేశారు. ఫోటోలు బాగున్నాయి, కానీ చదువుతుంటే నాకు కొంచెం ఒళ్ళు మండింది, ఎందుకంటే పొద్దున ఒక గ్లాసు, మధ్యాహ్నం ఒక గ్లాసు, రాత్రికి ఇంకోటి, మధ్యలో సెల్ఫీలు, వ్యాసం అంతా ఇంతే. సరిగ్గా అలాంటి టూర్‌కే నేనూ మా వారూ కిందటేడు మే నెలలో ఫ్రాన్స్‌లోని బర్గండీ అనే వైన్ ప్రాంతానికి వెళ్ళొచ్చాం, ఆరు రోజులు, మొత్తం ఎనిమిది మందిమి. నేను మందు ముట్టను, మాంసం తినను. మరి దేనికెళ్ళావమ్మా అంటారేమో, మా చుట్టాలందరూ అదే అడిగారు. దానికి జవాబు మీ వ్యాసంలో దొరకదు కాబట్టే ఈ ఉత్తరం.

ముందు తప్పులు చెప్పేస్తా. బర్గండీలోని డిజాన్ ఊరి చుట్టుపక్కల పొలాల్లో పండే ఆవాలతో డిజాన్ మస్టర్డ్ (ఆవాల ముద్ద) చేస్తారని రాశారు. డిజాన్ మస్టర్డ్ అంటే ఇప్పుడు ఒక తయారీ పద్ధతి మాత్రమే, ఆ పేరు మీద ఆ ఊరికి హక్కు లేదు, ఎక్కడైనా చేసి అమ్ముకోవచ్చు, ఆవాలు చాలాకాలం ఎక్కువగా కెనడా నుంచే వచ్చేవి. 2021లో కెనడాలో కరువొచ్చి పంట దెబ్బతింటే 2022లో ఫ్రాన్స్ సూపర్ మార్కెట్లలో మస్టర్డ్ పెట్టే అరలు ఖాళీ అయిపోయాయి, డిజాన్‌లో కూడా! అక్కడి పొలాల ఆవాలే కావాలంటే సీసా మీద 'ముతార్ద్ ద బుర్గోన్య్' (అంటే బర్గండీ మస్టర్డ్) అని ఉందో లేదో చూసుకోవాలి, దానికి 2009 నుంచి ఐజీపీ గుర్తింపు, అంటే ఆ పేరు ఆ ప్రాంతానిదే అన్న గుర్తింపు ఉంది. ఇక రెండో తప్పు, ఫోటో కింద షాంపేన్ గ్లాసులతో పర్యాటకులు అని వేశారు, కళ్ళజోడు పెట్టుకుని చూశాను, బల్ల మీది సీసా లేబుల్ మీద క్రెమాన్ అనే ఉంది. రెండిట్లోనూ వైన్ సీసాలోనే రెండోసారి పులుస్తుంది, బుడగలు అలాగే వస్తాయి, కానీ షాంపేన్ అనే పేరు షాంపేన్ అనే ప్రాంతంలో పండిన ద్రాక్షతో అక్కడే చేసినదానికే చెల్లుతుంది, బర్గండీలో చేస్తే అది క్రెమాన్ ద బుర్గోన్య్. ఇదే మాట క్రెమాన్ చేసే రైతు సెల్లార్‌లో (వైన్ దాచే నేలమాళిగలో) నిలబడి అని ఉంటే ఆయన మొహం మాడిపోయేది.

ఇంత చిన్నదానికి ఇంత గోలేంటి అనుకోకండి, ఆ ఆరు రోజులూ మేం తిరిగిందంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే, ఏ పేరు ఏ నేలది, ఆ పేరు ఎవరు పెట్టుకోవచ్చు అని. బర్గండీలో రెడ్ అంటే దాదాపుగా పినో న్వార్ ద్రాక్షే, వైట్ అంటే ఎక్కువగా షార్డొనే. రకం అదే, ఊరు అదే, కానీ బండి బాటకి ఇటువైపు మడిలో కాసినదానికి ఒక ధర, అటువైపు దానికి ఇంకో ధర. వాలు మధ్యలో సున్నపురాయి నేల, నీరు నిలవదు, పొద్దుటి ఎండ తగులుతుంది, అక్కడిది పై తరగతి. కిందకి దిగేకొద్దీ బంకమట్టి ఎక్కువవుతుంది, తరగతి తగ్గుతుంది. అలా పేరు పెట్టి హద్దులు గీసిన మడుల్ని అక్కడ క్లీమా అంటారు, అలాంటివి 1,247 ఉన్నాయి, వాటన్నిటినీ కలిపి 2015లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. రొమానే-కాంతీ అని ప్రపంచంలో అతి ఖరీదైన వైన్లలో ఒకటి వచ్చే మడి ఉంది చూడండీ, అది మొత్తం నాలుగున్నర ఎకరాలు. పక్కనే పొట్టి రాతిగోడ, ఒక శిలువ. మా వారు దాన్ని చూసి ఇంతేనా అన్నారు!

నాకు బాగా నచ్చింది క్లో ద వూజో. పూర్వం సిస్టర్షియన్ అనే క్రైస్తవ మఠం సన్యాసులు సాగుచేసిన తోట, చుట్టూ గోడ కట్టుకున్నారు, సుమారు 125 ఎకరాలు. ఫ్రెంచ్ విప్లవంలో చర్చి ఆస్తులన్నీ పోయినట్టే ఇదీ వాళ్ళ చేతుల్లోంచి పోయింది. ఆ గోడ లోపలి తోటకి ఇప్పుడు ఎనభై మంది దాకా సొంతదార్లు, ఒకళ్ళకి నాలుగు సాళ్ళు, ఇంకొకళ్ళకి ఆరు సాళ్ళు, ఎవరి వైన్ వాళ్ళదే, లేబుల్ మీద పేరు మాత్రం అందరిదీ ఒకటే. దీనికి తోడు నెపోలియన్ కాలం నాటి చట్టం ప్రకారం పిల్లలందరికీ ఆస్తి సమానంగా పంచాలి కదా, అలా తరతరాలుగా వాటాలు పడీ పడీ ఆ ప్రాంతమంతా ముక్కలు ముక్కలైపోయింది. అన్నదమ్ముల పంపకాల సంగతి మనకి ఒకళ్ళు చెప్పాలా, నాకైతే వైన్ కన్నా ఈ కథే ఎక్కువ అర్థమైంది.

ఇంకో ఊళ్ళో ఒక పెద్దాయన తీగ మొదలు దగ్గర మట్టి తీసి అంటు కట్టిన బుడిపె చూపించారు. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో అమెరికా నుంచి ఫిలాక్సెరా అనే పురుగు వచ్చి ఫ్రాన్స్ తోటల వేళ్ళన్నీ తినేసిందట, చివరికి విరుగుడు కూడా అమెరికా నుంచే, ఆ దేశపు మొక్కల వేళ్ళ మీద ఫ్రెంచ్ కొమ్మ అంటు కట్టారు, ఇప్పటికీ దాదాపు అన్ని తోటలూ అలాగే ఉన్నాయి. 2021 ఏప్రిల్‌లో మంచు పడి చిగుళ్ళు మాడిపోకుండా రాత్రంతా తోటల్లో మంటలు పెట్టుకుని కూర్చున్నామని కూడా ఆయనే చెప్పారు, చెప్తుంటే గొంతు మారిపోయింది. ఆయన నేలమాళిగలో పది మందికి మించి చోటుండదు, అక్కడే పీపాల మధ్య నిలబడి ఇదంతా విన్నాం.

స్మాల్ గ్రూప్ అంటే మీ వ్యాసంలో "ప్రత్యేకమైన అనుభవం" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అసలు సంగతి వేరే ఉంది. యూరప్‌లో మామూలు కారు లైసెన్సు మీద డ్రైవర్ కాక ఎనిమిది మందిని ఎక్కించుకోవచ్చు, అందుకే ఇలాంటి టూర్లు చాలావరకు ఎనిమిది దగ్గర ఆగుతాయి, ఆ వ్యాన్ అయితే ఆ సన్నటి సందుల్లోకి దూరుతుంది. నలభై మంది బస్సు ఆ పెద్దాయన గుమ్మం దాకా రానే రాదు, వాళ్ళని పెద్ద కంపెనీ షోరూముకి తీసుకెళ్ళి వీడియో చూపించి దుకాణంలో వదిలేస్తారు. కొన్ని కంపెనీలు ఇరవై మందిని కూడా స్మాల్ గ్రూప్ అనే అమ్ముతున్నాయి, కాబట్టి బుక్ చేసే ముందు ఎంతమంది అన్నది కాగితం మీద రాయించుకోవాలి. మీ వ్యాసంలో ఆరు రోజుల్లో షాంపేన్, బర్గండీ, బోర్డో అని దూరం దూరంగా ఉన్న మూడు ప్రాంతాలూ తిప్పే ప్లాన్ ఇచ్చారు, అది తిండి టూర్ కాదు, హైవే టూర్. ఏదో ఒక ప్రాంతం పట్టుకోవడం మేలు.

తాగుడు గురించి కూడా చెప్పాలి, ఇంట్లోవాళ్ళ భయం దానికే కదా. టేస్టింగ్ అంటే గ్లాసులో అడుగున రెండు గుక్కలు పోస్తారు, వాసన చూస్తారు, నోట్లో తిప్పుతారు, పక్కనున్న బకెట్‌లో ఉమ్మేస్తారు, అక్కడ అది అమర్యాద కాదు, తెలిసినవాళ్ళే ఎక్కువ ఉమ్ముతారు. మా గైడే డ్రైవర్ కూడా, ఆ అమ్మాయి ఆరు రోజుల్లో ఒక్క గుక్క మింగితే ఒట్టు. నేను వాసన మాత్రమే చూసేదాన్ని, మూడో రోజుకి పీపా వాసనకీ పండు వాసనకీ తేడా తెలిసిపోయింది, మా వారికి తెలియలేదు, ఆయన అన్నీ మింగారు.

తిండి దగ్గరే నాకు దెబ్బ తగిలింది. శాకాహారం ఏర్పాటు ఉంటుందని మెయిల్‌లో రాసిన కంపెనీ అక్కడ రోజూ ఆమ్లెట్, లేకపోతే చీజ్ పెట్టించింది, గుడ్డు కూడా తిననని రెండుసార్లు రాశాను. పైగా నాలుగో రోజు జూరా కొండల్లో 'కొంతే' అనే రకం చీజ్ చేసే చోటికి వెళ్తే అక్కడ తెలిసింది, పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసే రెన్నెట్ వాడతారని! అప్పటికి మూడు రోజులుగా అదే తింటున్నా. అక్కడివాళ్ళకి దాచాలని లేదు, అది వాళ్ళ పద్ధతి, అంతే. చెప్పాల్సింది టూర్ వాళ్ళు. శాకాహారులు ఎవరైనా ఈ మాట ముందే అడగండి, ఉత్తి వెజిటేరియన్ అని రాస్తే సరిపోదు.

చీజ్ తినడం మానేశాను గానీ ఆ చోటు మాత్రం మర్చిపోలేను. ఊళ్ళో రైతులంతా కలిసి పాలు పోసే సహకార సంఘం అది, ఒక్కో చక్రం 40 కిలోల దాకా ఉంటుంది, దానికి 400 లీటర్ల పాలు పడతాయి, కనీసం నాలుగు నెలలు మాగబెట్టాలి. ఆవులకి సైలేజ్ (పులియబెట్టిన మేత) పెట్టకూడదు, ముఖ్యంగా పచ్చిగడ్డీ ఎండుగడ్డీ పెట్టాలి, అలా అయితేనే కొంతే అనే పేరు పెట్టనిస్తారు. అంటే మళ్ళీ పేరు దగ్గరికే వచ్చాం.

బోన్ ఊళ్ళో 1443లో పేదల కోసం స్థాపించిన ఆసుపత్రి, దాని రంగురంగుల పెంకుల కప్పు అందరూ ఫోటో తీసేదే, మీరూ వేశారు. కానీ ఆ ఆసుపత్రికి దానంగా వచ్చిన ద్రాక్షతోటలు ఇప్పటికీ ఉన్నాయని, ఏటా నవంబర్ మూడో ఆదివారం ఆ వైన్‌ని పీపాల లెక్కన వేలం వేస్తారని, 1859 నుంచి నడుస్తున్న వేలమనీ రాయలేదు. అది రాసుంటే ఆ ఫోటోకి అర్థం వచ్చేది.

ఇంకో రెండు ముక్కలు. పల్లెల్లో మధ్యాహ్నం రెండు దాటితే వంటగది మూసేస్తారు, మళ్ళీ రాత్రి ఏడింటికే, ఆది సోమవారాల్లో చాలా చోట్ల అసలు తెరవరు. భోజనంతో పాటు కారాఫ్ నీళ్ళు (జగ్గులో పోసిచ్చే కుళాయి నీళ్ళు) అడిగితే ఊరికే ఇవ్వాలి, సీసా నీళ్ళు కొనక్కర్లేదు. సెప్టెంబర్‌లో కోతలప్పుడు వెళ్తే చూడ్డానికి బాగుంటుంది గానీ ఆ చిన్న రైతులకి మనతో మాట్లాడే తీరిక ఉండదు, మే, జూన్ నయం.

మస్టర్డ్ సంగతీ ఆ ఫోటో కింది షాంపేన్ సంగతీ వచ్చే ఆదివారం సరిచేస్తే సంతోషం. రెన్నెట్ గురించి కూడా ఒక్క లైను వేయండి, ప్లీజ్.

ఇట్లు
మీ పాత పాఠకురాలు