సిరిమాను చూపించిన విజయనగరానికి దండాలు

విశాఖలో చదువుకుంటున్న విదేశీ విద్యార్థులను పైడితల్లమ్మ పండక్కి తీసుకొస్తామంటే "రండి, రండి" అని ఎవరైనా అంటారు. ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు కదలకూడదు, తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలి అన్నది కూడా మీరే చూసుకున్నారు. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి చేసిన సాయాలను తలచుకుని దండం పెడుతున్నాం.

ముందుగా తొలేళ్ల రాత్రి కోటదాకా వెంట నడిచిన రైతు మావయ్యకు. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం సిరిమాను, అంటే పొడవాటి మాను కొసన పూజారి కూర్చునే ఊరేగింపు. ముందురోజు సోమవారం తొలేళ్లు. బయటివాళ్లు మంగళవారం మధ్యాహ్నం దిగి సాయంత్రానికి వెళ్లిపోతారు. "తొలేళ్లు సూడకుండా సిరిమాను సూస్తే ఏటి తెలుస్తాది బాబూ" అని ఆయన పట్టుబట్టడం వల్లే పిల్లలు ఘటాలు కోటకు వెళ్లడం చూశారు, పూజారి నోట అమ్మవారి మాట విన్నారు, రైతులకు విత్తనాలు పంచడం చూశారు. కండువా కొంగు ముడి విప్పి, అరచేతిలో పోసుకున్న ఆ వడ్లను ఒక్కొక్కరికీ చూపించారు. ఇంటి విత్తనంలో కలిపి చల్లుకుంటారట. వ్యవసాయం చదివే పిల్లలు అక్కణ్నుంచి కదిలితే ఒట్టు!

అమ్మవారికి సమర్పించే ముర్రాట నేర్పిన పిన్నిగారికి. చెంబుడు నీళ్లు, చెంచాడు పసుపు, రెండు వేప రెమ్మలు. చెంబు నిండా పోస్తే క్యూలో ఒలికి ముందువాళ్ల చీర పసుపవుతుంది, అందుకని మెడదాకానే పొయ్యమన్నారు. అమ్మవారి గుళ్లు రెండు. ముందు రైల్వే స్టేషన్ దగ్గర వనంగుడికి, ఆ తర్వాతే మూడు లాంతర్ల కూడలి దగ్గర చదురుగుడికి తీసుకెళ్లారు. రైలు దిగే వాళ్లకు ఇదే సులువు దారి కూడా.

సిరిమాను పనితనం విప్పి చెప్పిన వడ్రంగి మేస్త్రిగారికి మరీ మరీ. సుమారు 60 అడుగుల చింతమాను, దాన్ని మోసే ఇరుసుమాను కూడా చింతదే. లావుపాటి మొదలు కిందికి, సన్నటి కొస ఆకాశంలోకి, ఆ కొసన పూజారి. మొదలు దగ్గర జానెడు జరిగితే కొస గజాల మేర ఊగుతుంది. తాళ్లు పట్టినవాళ్ల మాట ఒక్కటిగా ఉండాలనీ, దగ్గరకొచ్చి ఫొటోలు తీస్తే వాళ్ల కాళ్లకు అడ్డమనీ ముందే చెప్పారు. పిల్లలు చివరిదాకా దూరంగానే ఉన్నారు.

మేడ ఇచ్చిన ఇంటివారికి. పిట్టగోడ పాతది, దాన్ని ఆనుకోవద్దని అడుగు దూరంలో తాడు కట్టారు. ఇదేదో అతి జాగ్రత్త అనుకునేవాళ్లు ఆ రోజు జనాన్ని చూడాలి. సిరిమాను చదురుగుడి నుంచి కోటకు మూడుసార్లు వెళ్లివస్తుంది. మొదటిసారి సరిగ్గా కనపడలేదని వెంటపడి పరిగెత్తేవాళ్లే నలిగిపోతారు. ఉన్నచోటే ఉంటే అదే మళ్లీ ఎదురొస్తుంది. ముందు నడిచే పాలధార, బెస్తవారి వల, తెల్ల ఏనుగు రథం, అంజలి రథం కూడా తీరిగ్గా కనపడతాయి. అమ్మవారి విగ్రహాన్ని పెద్దచెరువులోంచి తీసింది జాలర్లని చెప్పాకగానీ, ఊరేగింపులో చేపల వల ఎందుకో పిల్లలకు అర్థం కాలేదు.

సిరిమాను మీదికి భక్తులు విసిరే అరటిపళ్ల సంగతి కూడా మేడ మీదే తేలింది. మాను మన నెత్తి మీదికి వచ్చాక నిట్టనిలువుగా విసిరితే పండు తిరిగి మన నెత్తినే పడుతుంది, కాయైతే బొప్పి కడుతుంది. మాను ఇంకా పది పదిహేను అడుగుల అవతల ఉండగానే, మాగిన పండును ఏటవాలుగా వెయ్యాలి. మిగతావి ప్రసాదం.

జనం పెరిగేకొద్దీ ఫోన్లు మూగబోతాయి. కలుసుకోవడానికి మూడు లాంతర్లు అని చెప్పుకోవడం అందరూ చేసే పనే, అక్కడే ఎవరికి ఎవరూ కనపడరు. మందుల షాపు తమ్ముడు తన అరుగు చూపించి, పిల్లల అరచేతుల మీద షాపు పేరు తెలుగులో పెన్నుతో రాశాడు. ఎవరికి చూపించినా దారి చెప్పారు. చెప్పులు పోయిన ఇద్దరికి తన దుకాణం చెప్పులే ఇచ్చి పంపాడు.

ఉప్పేసిన మజ్జిగ క్యాన్లతో రోజంతా నిలబడ్డ కుర్రాళ్లకు: ఖాళీ క్యాన్లు రెండూ మా దగ్గరే ఉన్నాయి, కడిగిపెట్టాం. వచ్చే మంగళవారం తెప్పోత్సవానికి పెద్దచెరువు గట్టుకు తెస్తాం. పిన్నిగారి చెంబు కూడా.