8 జీబీ ర్యామ్ అని అమ్మిన మీ టాబ్లెట్ మీద ఫిర్యాదు

కస్టమర్ కేర్ వారికి, ఫిర్యాదుల అధికారి గారికి,

మీ సొంత వెబ్‌సైట్‌లోనే పండగ ఆఫర్‌లో 8 అంగుళాల టాబ్లెట్ కొన్నాను. బిల్లు, ఆర్డర్ వివరాలు, ఫొటోలు ఈ మెయిల్‌కి జతచేశాను. మీ చాట్‌లో ఏం చెప్పినా "ఒకసారి రీసెట్ చేసి చూడండి సార్" తప్ప వేరే మాట రావడం లేదు, అందుకే కాస్త పెద్దదైనా మొత్తం ఇక్కడే రాస్తున్నా. పూర్తిగా చదివి జవాబివ్వండి.

నాది ఇందుకూరుపేట మండలం, రొయ్యల గుంటలు చూసే టెక్నీషియన్‌ని. తెల్లారకముందే కట్ట మీద ఉండాలి, ఎందుకంటే రాత్రంతా నీళ్లలోని ప్లాంక్టన్ (కంటికి కనపడని చిన్న జీవులు) కూడా ఆక్సిజన్ పీల్చుకునేదే కాబట్టి సూర్యుడు రాబోయే ముందే డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, బాగా పడిపోతుంది, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఇంకా ఎన్ని వెయ్యాలో అప్పుడే తేలాలి. ఆ తర్వాత పీహెచ్, సెలినిటీ (నీళ్లలో ఉప్పదనం), రొయ్యలు ఎంత తిన్నాయో చూడ్డానికి గుంటలో దించే చెక్ ట్రేలో మిగిలిన మేత, వల విసిరి పట్టిన రొయ్యల సగటు బరువు, ఇవన్నీ ఎక్సెల్‌లో ఎక్కించి ట్రే ఫొటోతో సహా రైతుకి వాట్సాప్‌లో పెట్టాలి. ఫోన్‌లో చేస్తే ఆ చిన్న గడుల్లో వేలు ఒకచోట పెడితే అంకె ఇంకోచోట పడుతుంది. ల్యాప్‌టాప్ కట్ట మీద కుదరదు. ఒంటి చేత్తో పట్టుకునే సైజు, అందుబాటు ధర, పైగా రాత్రి కరెంటు పోతే జనరేటర్ వెయ్యడానికి షెడ్డులో మేలుకుని ఉండాలి గదా, అప్పుడు సినిమానో మ్యాచో చూసుకోవచ్చు, అందుకని మీది తీసుకున్నా. పనికీ వినోదానికీ ఇదొక్కటే చాలని మీ ప్రకటనలో రాసింది కూడా మీరే.

బాగున్నవి దాచను. బరువు తక్కువ, చేతి సంచిలో పడుతుంది. బ్యాటరీ పొద్దున మొదలుపెడితే రాత్రి దాకా వస్తుంది. స్పీకర్లు ఏరియేటర్ల మోతలో కూడా వినపడుతున్నాయి, ఈ ధరకి అది గొప్పే. మిట్టమధ్యాహ్నం ఎండలో స్క్రీన్ కనపడదు, తడి చేత్తో తాకితే సరిగా పట్టదు, వీటి మీద నాకు ఫిర్యాదు లేదు, మీరు ఆ రెండూ ఇస్తామని ఎక్కడా చెప్పలేదు.

చెప్పిన వాటి సంగతే మాట్లాడదాం.

బాక్సు ముందువైపు పెద్దక్షరాల్లో 8 జీబీ ర్యామ్ అని ఉంది. సెట్టింగ్స్‌లో చూస్తే ఉన్నది 4. బాక్సు తిరగేసి చూస్తే అడుగున బార్‌కోడ్ పక్కన, చీమ తలకాయంత అక్షరాల్లో "4+4 వర్చువల్" అని అచ్చేశారు. ఆ రెండో 4 ర్యామే కాదు, స్టోరేజీలోంచి కోసి పక్కన పెట్టిన ముక్క. మీరు వేసిన స్టోరేజీ ఈఎంఎంసీ అనే చవక రకం, ర్యామ్ వేగంతో చూస్తే అది ఎన్నో రెట్లు నెమ్మది. అంటే నాకు 4 జీబీ ర్యామ్ ఇచ్చి, నా 64 జీబీ స్టోరేజీలోంచే 4 తీసి మళ్లీ నాకే ఇచ్చి, మొత్తం 8 ఇచ్చామంటున్నారు. లెక్క భలే ఉంది.

దీనివల్ల పనిలో ఏం జరుగుతుందో చెప్తా. షీట్‌లో అమ్మోనియా అంకె కొట్టి, ట్రే ఫొటో తీద్దామని కెమెరాలోకి వెళ్తే, రెండూ ఒకేసారి తెరిచి ఉంచడానికి ర్యామ్ చాలక, వెనక్కి వచ్చేసరికి ఎక్సెల్ మూసుకుపోయి మళ్లీ మొదటినుంచి తెరుచుకుంటుంది. తెల్లటి స్క్రీన్ మీద చక్రం తిరుగుతూ ఉంటుంది, చివర కొట్టిన గడులు ఖాళీగా కనపడతాయి. చేతులకి మేత జిడ్డు, పక్కన రైతు "ఏందబ్బా, ఇంకా కాలేదా" అంటుంటాడు. ఇప్పుడు మళ్లీ పాత పద్ధతే, పుస్తకంలో పెన్నుతో రాసుకుని ఇంటికొచ్చి ఎక్కిస్తున్నా. మరి దీన్ని కొన్నది ఎందుకు?

వినోదం సంగతి ఇంకా అన్యాయం. స్క్రీన్ 1920x1200, ఫుల్ హెచ్‌డీలో సినిమాలు చూడండి అని రాశారు. స్క్రీన్ వరకు అది నిజమే. కానీ డబ్బులు కట్టి చూసే ఓటీటీ యాప్‌లు హెచ్‌డీ ఇవ్వాలంటే సినిమాని ఎవరూ కాపీ కొట్టకుండా ఆపే వైడ్‌వైన్ అనే ఏర్పాటులో పై స్థాయి, ఎల్1 భద్రత కావాలి, మీ టాబ్లెట్‌లో ఉన్నది కింది స్థాయి ఎల్3. ఎల్3 ఉంటే ఆ యాప్‌లలో చాలావాటిలో సినిమా హెచ్‌డీ కంటే మసకైన 480పీ దగ్గరే ఆగిపోతుంది, నెట్ ఎంత బాగున్నా అంతే. మ్యాచ్ పెడితే స్కోరు పట్టీలో ఉన్నది 3 నో 8 నో తెలియడం లేదు. ఎల్1 అనేది ఫ్యాక్టరీలో తయారీ అప్పుడే పెట్టాల్సింది, నేను రీసెట్ చేస్తే వచ్చేది కాదని మీ చాట్ వాళ్లకి ఎవరైనా చెప్పండి.

సర్వీసు సెంటర్ గురించి కూడా ఒక మాట. మీ యాప్ నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక అడ్రస్ చూపిస్తోంది. అక్కడికెళితే మొబైల్ కవర్లు అమ్ముకుంటున్నారు. "ఆ కంపెనీ పని మానేసి చాలా కాలమైంది అన్నా, చెన్నైకి పంపుకోవాల్సిందే" అన్నాడు ఆ అబ్బాయి. ముందు ఆ అడ్రస్ తీసేయండి.

ఈ ధరకి ఇంతే వస్తుంది, సర్దుకోండి అన్నట్టు చాట్‌లో ఒకరు మాట్లాడారు. చవక వస్తువు చవకగా ఉంటే నాకేం బాధ లేదండీ. 4 జీబీ, ఎల్3 అని నిజం రాసి ఉంటే నేను పక్కనున్న వేరే మోడళ్లతో పోల్చుకుని, ఇంకో రెండు వేలు పెట్టాలో వద్దో నేనే తేల్చుకునేవాణ్ని. ఆ అవకాశం లేకుండా చేశారు, నా కోపమంతా దాని మీదే.

కాబట్టి కట్టిన డబ్బు మొత్తం, కట్టిన ఖాతాలోకే వెనక్కి వెయ్యండి. ఇదే మోడల్ ఇంకోటి మార్చి ఇస్తామంటే వద్దు, లోపం నాకొచ్చిన పీసులో లేదు, మోడల్‌లోనే ఉంది. కూపన్లు కూడా వద్దు. వెబ్‌సైట్‌లో, బాక్సు మీద 4 జీబీ అని, ఓటీటీలో హెచ్‌డీ రాదని కనపడేలా రాయండి.

2020 నాటి వినియోగదారుల రక్షణ (ఇ-కామర్స్) నిబంధనల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు మీరు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, అక్కడా కాకపోతే నెల్లూరులోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే చోటే వెయ్యొచ్చు, 5 లక్షల లోపు కొన్నవాటికి ఫీజు కూడా లేదు. మీ ఊరికి నేను రానక్కర్లేదు, మీరే ఇక్కడికి రావాలి.

టాబ్లెట్, ఛార్జర్, బాక్సు, ఆ బార్‌కోడ్ స్టిక్కర్‌తో సహా భద్రంగా ఉన్నాయి. కొరియర్ మనిషిని పంపేటట్టయితే పది గంటల తర్వాత పంపండి, అంతకుముందు నేను కట్ట మీద ఉంటాను.

ఇట్లు,
మీ దగ్గర కొన్న ఒక రొయ్యల టెక్నీషియన్,
ఇందుకూరుపేట మండలం, నెల్లూరు జిల్లా