జాబితాలో పేర్లు ఊరందరి ముందూ చదవాలి

సంపాదకులకు నమస్కారం.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 ఉగాది నాడు మొదలుపెట్టిన పేదరిక నిర్మూలన కార్యక్రమం పీ4లో అట్టడుగున ఉన్న 20 శాతం కుటుంబాలను ‘బంగారు కుటుంబాలు’గా గుర్తించి, స్థోమత ఉన్నవారిని వాళ్లకు చేయూతనిచ్చే ‘మార్గదర్శులు’గా జత చేస్తామన్నారు. ఆలోచన మంచిదే. చిక్కంతా ఆ అట్టడుగువాళ్లు ఎవరో తేల్చడంలోనే ఉంది.

ఇప్పుడు చాలా పథకాలకు అర్హత తేల్చేది కంప్యూటరే. నెలకు 300 యూనిట్లు దాటిన కరెంటు, కారు, పదెకరాలు దాటిన మెట్ట, ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగం, ఆదాయపు పన్ను... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా పేరు ఆగిపోతుంది. ఉన్నవాళ్లను పక్కన పెట్టడానికి ఇది కొంత పనికొస్తుంది, కాదనను. లేనివాళ్లను వెతికి పట్టుకోవడం దీనివల్ల కాదు. మా వీధిలో ఒక పెద్దావిడ ఇడ్లీలు అమ్ముకుని బతుకుతోంది. భర్త పోయాడు. కొడుకు ఎప్పుడో వేరు పడి హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్నాడు, పైసా పంపడు. ఎవరెవరు ఒకే కుటుంబమో చూపే ప్రభుత్వ రికార్డు, అదే హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో మాత్రం ఇద్దరిదీ ఇప్పటికీ ఒకే కుటుంబం. వాడి పేరు తీసేయండయ్యా అని అడిగితే “ఆప్షన్ లేదమ్మా” అన్నారట. ఇక కదిరి ప్రాంతం నుంచి కేరళకో బెంగళూరుకో వలస పోయినవాళ్ల సంగతి సరేసరి. సర్వేకు వచ్చినప్పుడు ఆ ఇళ్లకు తాళం ఉంటుంది.

ఉమ్మడి రాష్ట్రంలో ‘వెలుగు’ అనే పేదరిక నిర్మూలన పథకం నాడు ఊళ్లోవాళ్లే కూర్చుని, నేల మీద ఊరి పటం గీసి, నిరుపేదలెవరో ఇంటింటి లెక్కన తేల్చారు. కేరళలో స్థానిక సంస్థలు, ‘కుటుంబశ్రీ’ అనే మహిళా సంఘాలవాళ్లు తిండి, ఆరోగ్యం, ఇల్లు, ఆదాయం చూసి 64,006 అతి పేద కుటుంబాలను గుర్తించారు. ఆ లెక్క మీద అక్కడా విమర్శలున్నాయి. అయినా ఒక్కో ఇంటికి ఏం కావాలో విడివిడిగా రాసుకున్నారు.

గ్రామసభ అంటే నాయకుల మనుషులు నాలుగు మాటలు చెప్పి లేచిపోతారన్న భయం నాకూ ఉంది. అందుకే సభను కూలి జనం పనుల నుంచి వచ్చాక, రాత్రిపూట, ఎస్సీ కాలనీలో, తండాలో పెట్టాలి. చేర్చిన పేర్లతో పాటు తీసేసిన పేర్లు, తీసేసిన కారణం కూడా పైకి చదవాలి. అభ్యంతరం చెప్పినవారికి రశీదు ఇచ్చి, సిబ్బంది ఇంటికి వెళ్లి చూసి రావాలి. తాళం వేసిన ఇళ్లకు సంక్రాంతికి మళ్లీ వెళ్లాలి, అప్పుడైతే మనుషులు దొరుకుతారు.

– ఒక పాఠకురాలు, కదిరి