గేటు దగ్గర దొరకని వాళ్లు

బ్రాడీపేట, గుంటూరు

అమ్మలూ,

నువ్వు వెళ్లాక టేబుల్ మీద నీ ప్రశ్నల కాగితం ఒకటి కనిపించింది. రెండుసార్లు చదివాను. ఫోన్‌లో అయితే నీ మాటకు నా మాట అడ్డొచ్చి అసలు సంగతి మిగిలిపోతుంది, అందుకే రాస్తున్నాను.

మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్ల దగ్గు, ఆయాసం మీద ప్రాజెక్టు చేస్తానన్నప్పుడు నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. మనూళ్లో ఆ ఘాటు పీల్చి బతికేవాళ్లను కూర్చోబెట్టి అడిగేవాళ్లు తక్కువ. రెండు రోజుల్లో 120 మందిని అడిగానని, ఎక్కువమంది బాగానే ఉన్నామన్నారని చెప్పావు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు తల్లీ. నువ్వు కూర్చున్నది పొద్దున పనిలోకి వెళ్లే గేటు దగ్గర. ఒంట్లో ఓపిక ఉన్నవాళ్లే ఆ గేటు దాకా వస్తారు. ఊపిరాడక మానేసినవాళ్లు ఇళ్లల్లో ఉంటారు. మన వీధి చివర ఇస్త్రీ బండి ఆమె రెండు సీజన్లు తొడిమలు తీసి, దగ్గు ఆగక మానేసింది. నీ 120 మందిలో ఆమె లేదు. నీ అల్మారాలోని పుస్తకం తిరగేస్తే దీనికి ‘హెల్దీ వర్కర్ ఎఫెక్ట్’ అని పేరే ఉంది. జబ్బుపడ్డవాళ్లు పని వదిలి వెళ్లిపోతారు, మిగిలినవాళ్లను చూసి ఆ పని వల్ల ఏమీ కాదని మనం రాసేస్తాం.

ఇలాంటి తప్పు నేనూ చేశాను. 2011 జనాభా లెక్కల్లో నాకు డ్యూటీ పడింది. ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా ఇల్లిల్లూ తిరగాలి, ఫారంలో 29 ప్రశ్నలు. పాత గుంటూరులో ఒక మేడమీద గదికి ఎప్పుడు వెళ్లినా తాళమే. మూడోసారి కింది వాటా వాళ్లు ‘అక్కడెవరూ ఉండరండీ’ అంటే, నమ్మి ఖాళీ అని రాసుకున్నాను. మార్చి మొదటి అయిదు రోజులు సరిచూసుకోవడానికి మళ్లీ తిరుగుతాం కదా, అప్పుడు ఆ గది తలుపు తీసి ఉంది. ఒకామె దుప్పటి కప్పుకుని కూర్చుంది. మొగుడూ పెళ్లాలిద్దరూ తెల్లవారకముందే పనికి పోయి రాత్రికి గానీ రారట. ఆ రోజు జ్వరం వచ్చింది కాబట్టి నాకు దొరికింది. ‘మమ్మల్ని రాసుకోలేదా అమ్మా?’ అని అడిగింది. రాసుకున్నాను. కానీ ఆమెకు జ్వరం రాకపోతే ఆ ఇంటి మనుషులు నా పుస్తకంలో లేనట్టే. ఆ మాట నన్ను ఇప్పటికీ గుచ్చుతుంది.

అందుకని గేటు దగ్గర కాకుండా పేర్ల జాబితాతో మొదలుపెట్టు. మేస్త్రీల పుస్తకాల్లో పేర్లుంటాయి, అడిగి ఇప్పిస్తానని మీ నాన్న అన్నారు. ఈ ఏడాదివే కాదు, మూడేళ్ల కిందటివి కూడా తీసుకో. పాత పుస్తకంలో ఉండి కొత్తదాంట్లో లేని పేర్లు ఎవరివో చూడు. నీకు కావలసిన మనుషులు వాళ్లే. ఇప్పుడు పనిచేసేవాళ్లను ఒక జాబితాగా, మానేసినవాళ్లను ఇంకో జాబితాగా పెట్టుకుని, దేనికదిగా పేర్లు తీయాలి. ఒకదాంట్లో 240 పేర్లుండి నీకు 40 మంది కావాలంటే, ఒకటి నుంచి ఆరు దాకా చీటీలు వేసి ఒకటి తీయి. ఆ నంబరుతో మొదలుపెట్టి ప్రతి ఆరో పేరూ తీసుకో. జాబితాలో పేర్లు ఏ వరసలో ఉన్నాయో మాత్రం ముందు చూసుకో. ఆరుగురేసి జట్టుగా, జట్టు పెద్ద పేరు మొదట రాసి ఉంటే నీకు అందరూ పెద్దలే రావచ్చు, లేదా ఒక్క పెద్దా రాకపోవచ్చు. తీసిన పేరు ఇంట్లో లేకపోతే పక్కింటామెను అడిగి సరిపెట్టకు, మళ్లీ వెళ్లు. ఇళ్ల దగ్గరే తొడిమలు తీసేవాళ్లకు ఏ జాబితా ఉండదు. వాళ్లను ఒకరి ద్వారా ఒకరిని వెతుక్కోవాల్సిందే. ఆ సంగతి రిపోర్టులో దాచకుండా రాయి.

384 మంది దొరకాలని టెన్షన్ పడకు. పెద్ద గుంపులో ఇంత శాతం మందికి జబ్బు ఉందని, వందలో 95 సార్లు నిజానికి అయిదు శాతం అటూ ఇటూ లోపే ఉండేలా చెప్పడానికి ఆ లెక్క. అదైనా చీటీ వేసి తీసినట్టు తీస్తేనే పనికొస్తుంది. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు ఎవరికి ఓటేస్తారని అడిగిన లిటరరీ డైజెస్ట్ పత్రికకు 20 లక్షలకు పైగా జవాబులు వచ్చాయి, అయినా అప్పటి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఓడిపోతాడని వేసింది. ఆ పత్రిక అడిగిన వాళ్లలో ఎక్కువమంది టెలిఫోన్లు, కార్లు ఉన్నవాళ్లు. జవాబు రాసి పంపింది కూడా అడిగినవాళ్లలో నాలుగో వంతే. రూజ్‌వెల్ట్ ఘనంగా గెలిచాడు.

ఇక నీ ప్రశ్నలు. ‘మిర్చి ఘాటు వల్ల మీకు దగ్గు వస్తోందా?’ అంటే జవాబు నువ్వే అందించినట్టు. ‘దగ్గు, కళ్లమంట ఉన్నాయా?’ అన్నావు. ఒకటి ఉండి ఒకటి లేనామె ఏం చెప్పాలి? ‘ఆరోగ్యం ఎలా ఉంది?’ అంటే మనవాళ్లు బానే ఉందనే అంటారు. ‘ఈ వారంలో దగ్గు వచ్చి రాత్రి ఎన్నిసార్లు లేచావమ్మా?’ అని అడుగు. ముందు ఒక పదిమందిని అడిగి చూసుకుని, మాటలు సరిచేసుకుని అప్పుడు మొదలుపెట్టు.

పని దగ్గర అసలు అడగొద్దు. వాళ్లకు కిలోల లెక్కన కూలి, నీతో మాట్లాడే ఇరవై నిమిషాలూ వాళ్ల డబ్బులే. పైగా మేస్త్రీ అక్కడే నిలబడి ఉంటే ఏమని చెబుతారు? పేరు బదులు నంబరు రాసుకుంటానని, ఇష్టం లేకపోతే చెప్పక్కర్లేదని ముందే చెప్పు.

వచ్చే ఆదివారం రా. ఆ రోజు మిర్చి యార్డుకు సెలవు, ఇళ్ల దగ్గరే ఉంటారు. ఇస్త్రీ ఆమెతో నిన్న మాట్లాడాను. ఆమె జాబితాలో తేలేదాకా లెక్కలో కలపకు గానీ, నీ కొత్త ప్రశ్నలు ముందు ఆమెనే అడిగి చూడు. నాలుగింటి తర్వాత ఖాళీ అట. తనతో పాటే మానేసిన ఇంకో ఇద్దరి ఇళ్లు కూడా చూపిస్తానంది.

అమ్మ