చిన్నోడి ఫ్లాట్‌లో చెక్క ఫ్లోరింగ్ వేసే ముందు

నాన్నా,

నిజాంపేట ఫ్లాట్‌లో బెడ్‌రూములకి చెక్క ఫ్లోరింగ్ వేయిస్తున్నానని చిన్నోడు చెప్పినప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్, ఫోన్లో చెప్తే సగం విని పెట్టేస్తాడు కాబట్టి మీకు రాస్తున్నా, కూర్చోబెట్టి చదివించండి.

ఇక్కడ అమెరికాలో, ఎడిసన్‌లో మా హాల్ ఫ్లోర్ మీరు చూశారు కదా, లోపల ప్లైవుడ్, పైన ఓక్ పొర అతికించిన రకం. చలికాలంలో హీటర్ నడిస్తే గాలి ఎండిపోయి పలకల మధ్య సన్న సందులు పడతాయి, అది మామూలే, మళ్లీ ఉక్క వచ్చాక మూసుకుపోతాయి. కానీ మాకు పై పొరే ఊడి లేస్తోంది నాన్నా, పాప కాలికి పేడు గుచ్చుకుంది, అప్పుడు నాకొచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు. డబ్బా మీద 25 ఏళ్ల వారంటీ అని పెద్ద అక్షరాలు, కంపెనీకి ఫోన్ చేస్తే మీ ఇంట్లో తేమ తక్కువైంది, వేసినవాడి తప్పు అంటారు, వేసినాయన సరుకే చెడ్డది అంటాడు, మధ్యలో మేము. వారంటీ కాగితంలో ఏడాది పొడుగునా ఇంట్లో తేమ 35 నుంచి 55 శాతం మధ్య ఉండాలనీ, పలకలు నేల మీద పరిచేశాక సరుకు ఒప్పుకున్నట్టేననీ రాసుంది, ఇది కొనేవాళ్లకి చేసే అన్యాయం కాక ఏంటి, జిగురు లోపం పరిచేముందు కంటికి కనపడదు కదా.

చివరికి బయట నుంచి ఇన్‌స్పెక్టర్ని పిలిపించాం. ఆయన ఊడిన పలక తిప్పి చూసి జిగురు అసలు పట్టలేదని రాసిచ్చాడు, మేస్త్రీ వేసే ముందు మీటర్‌తో తేమ చూసి రాసిన కాగితం మా దగ్గరుంది కాబట్టి కంపెనీ దిగొచ్చింది. అయినా పలకలే ఇస్తారంట, పీకి మళ్లీ వేసే కూలి మాదేనంట.

అక్కడైతే ఇంకా జాగ్రత్త. కొత్త శ్లాబు ఆరడానికి నెలలు పడుతుంది, పైగా వానలు. మే నెల ఎండలో గోడకి ఆనించి బిగించేస్తే ఆగస్టులో చెక్క ఉబ్బి పైకి లేస్తుంది, గోడ పక్కన సెంటీమీటరు దాకా సందు వదలాలి, స్కర్టింగ్ కింద కనపడదు. పలకల డబ్బాలు వేసే గదిలోనే ముందు కొన్నాళ్లు ఉంచమనండి. శ్లాబు తేమ, చెక్క తేమ రెండూ మీటర్‌తో చూసి తేదీ వేసి సంతకం పెట్టించుకోమనండి, ఫొటోలు కూడా. పెట్టనంటే ఆ మేస్త్రీ వద్దు. వారంటీలో కూలి కూడా ఉందా అని అడ్వాన్స్ ఇవ్వకముందే రాయించుకోవాలి. జీఎస్‌టీ బిల్లు లేకుండా తక్కువకి ఇస్తానంటే అస్సలు వద్దు, రేపు గొడవైతే జిల్లా కన్స్యూమర్ కమిషన్‌కి వెళ్లాలంటే ఆ బిల్లే ఆధారం, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే ఊళ్లోనే కేసు వేయొచ్చు, రెండేళ్ల లోపు వేయాలి. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినా కంపెనీతో మాట్లాడతారు.

అమ్మకి కూడా చెప్పండి, బకెట్ నీళ్లతో తడిగుడ్డ పెట్టడం దీనికి కుదరదు, గట్టిగా పిండిన గుడ్డే. మన పాత ఇంట్లో తాండూరు బండలకి ఈ బాధేమీ లేదు, నన్నడిగితే వాడు కూడా బండలో, టైల్సో వేసుకోవడమే మేలు, కానీ వాడి ఇల్లు, వాడిష్టం.

కొటేషన్ వచ్చిందంటున్నాడు, దాన్నీ వారంటీ కాగితాన్నీ ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టమనండి, సంతకం చేయకముందే చూస్తా.

మీ
పెద్దోడు