క్రూగర్ ప్రయాణం గురించి

చిరంజీవి సౌభాగ్యవతి లావణ్యకు నాన్న ఆశీస్సులు.

ఆగస్టులో మేము జొహానెస్‌బర్గ్ వచ్చినప్పుడు నీ కారులోనే క్రూగర్ జాతీయ పార్కు చూద్దామని నీవు పంపిన ప్రణాళికను, పటం పక్కన పెట్టుకొని రెండుసార్లు చదివాను. నాలుగు రాత్రుల్లో దక్షిణాన మలెలేన్ గేటు నుంచి ఉత్తరాన పుండా మరియా దాకా వెళ్ళాలన్న నీ ఉత్సాహం నాకు నచ్చింది కాని, లెక్క మాత్రం కుదరలేదమ్మా.

ఆ పార్కు పొడవు దాదాపు 360 కిలోమీటర్లు. తారు రోడ్డు మీద 50, మట్టిరోడ్డు మీద 40 కిలోమీటర్ల వేగం దాటకూడదు. జంతువుల కోసం ఆగుతూ వెళ్ళేవాళ్ళం కనుక గంటకు 25 కిలోమీటర్లకు మించి సాగదని నా అంచనా. పైగా ఆగస్టులో విడిది శిబిరాల గేట్లు ఉదయం ఆరింటికి తెరిచి సాయంత్రం ఆరింటికి మూస్తారు. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిదికి మూసేస్తారని శ్రీశైలం దారిలో మనం పడిన హడావుడి నీకు గుర్తుండే ఉంటుంది. క్రూగర్‌లో ఆలస్యమైతే జరిమానా కూడా కట్టాలి.

అందుచేత ఉత్తరభాగం వదిలేద్దాం. దక్షిణాన ఉన్న క్రోకడైల్ బ్రిడ్జ్ గేటు నుంచి లోయర్ సాబీ విడిది శిబిరం 35 కిలోమీటర్ల లోపే. అక్కడ రెండు రాత్రులు ఉండి, చోక్వానే పిక్నిక్ స్థలం మీదుగా సటారా శిబిరం చేరి, మరో రెండు రాత్రుల తరువాత ఓర్పెన్ గేటు గుండా బయటికి వద్దాం. ఆగస్టు అక్కడ వానలు లేని కాలపు చివర; కుంటలు ఇంకిపోయి జంతువులు మిగిలిన నీటి దగ్గరికే వస్తాయి కాబట్టి, లోయర్ సాబీ పక్కనున్న సన్‌సెట్ డ్యామ్ గట్టున కారు ఆపుకొని కూర్చుంటే, నీటి ఏనుగులూ మొసళ్ళూ వెతకకుండానే కనిపిస్తాయి. సటారా చుట్టూ గడ్డి మైదానాలు; సింహాలను చూడాలన్న నీ కోరిక తీరేందుకు అంతకంటే మంచిచోటు మన దారిలో లేదనుకుంటాను.

అనుమతించిన చోట్ల తప్ప కారు దిగకూడదు. మీ అమ్మ నీళ్ళు బాగా తాగుతుంది కనుక, బయలుదేరేముందే ఏ రోజు ఏ పిక్నిక్ స్థలంలో ఆగాలో రాసిపెట్టు. ఇది నీకు చిన్న విషయంగా తోచవచ్చు, ఆమెకు కాదు. కంటికీ చెవికీ మధ్య నల్లగా చెమ్మ కారుతున్న మగ ఏనుగు ఎదురైతే అది మదంలో ఉందని గ్రహించి, ఫొటో కోసం ఆగకుండా, దూరంగానే కారు వెనక్కి తీయి. ఆ ప్రాంతంలో మలేరియా ఉంది. శీతాకాలంలో ప్రమాదం తక్కువే అయినా, మా మందుల గురించి ఇక్కడి డాక్టరును నేను ముందుగా అడుగుతాను.

గదులకు పదకొండు నెలల ముందు నుంచే బుకింగ్ తీసుకుంటారు కనుక ఇప్పటికే ఆలస్యమైంది. సటారాలో గదులు దొరక్కపోతే దక్షిణభాగంలోనే ఉన్న స్కుకూజా శిబిరంలో చూడు. ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఏ సంగతో చెప్పు.

ఇట్లు,
నాన్న