నీ ఏనుగు దొరికిందిరా శీనూ

వారణాసి, శనివారం రాత్రి

ఒరే శీనూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది, కోప్పడకు, రోజూ రాద్దామనుకుంటూనే వాయిదా వేశాను. అమ్మ బాగుంది. కాశీలో తొమ్మిది నిద్రలు చేయాలని పట్టుబడితే తీసుకొచ్చాను, ఇవాళ ఆరోది. గంగ, గుడి, సత్రం భోజనం సంగతులన్నీ వచ్చాక చెప్తాను. ఈ ఒక్కటి మాత్రం ఇప్పుడే చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

నీ ఏనుగు ఉందిరా!

సారనాథ్ మ్యూజియంలో ఉంది. ఇక్కడికి పది కిలోమీటర్లే. నిన్న వెళ్తే శుక్రవారం సెలవట, గేటు దాకా పోయి తిరిగొచ్చాం, ఇవాళ మళ్ళీ వెళ్ళాం. లోపలికి అడుగుపెట్టగానే అశోకుడి సింహాలు. రూపాయి బిళ్ళ మీద చూసీ చూసీ నా ఊహలో అవి చిన్నవైపోయాయి, నిజానికి ఏడడుగుల ఎత్తు, మొత్తం ఒకే రాయి. 2200 ఏళ్ళు దాటినా ఆ నునుపు నిన్న సానపట్టినట్టే ఉంది! అమ్మ చెప్పులు విప్పబోయింది.

నా కళ్ళు మాత్రం సింహాల కాళ్ళ కిందే ఉన్నాయి. ఏడో తరగతిలో మాస్టారు మన చిహ్నంలో ఎద్దూ గుర్రమూ ఉన్నాయని చెప్తే, నువ్వు లేచి "మరి వెనకవైపు ఏముంది సార్" అన్నావు గుర్తుందా? బిళ్ళ తిప్పితే అంకె ఉంటుందని క్లాసంతా నవ్వింది. నువ్వు కళ్ళనీళ్ళు ఆపుకుంటూ "ఏనుగుంటుంది" అన్నావు. నేనూ నవ్వాను శీనూ, అది ఇన్నేళ్ళూ... సరే వదిలేయ్.

ఇవాళ చుట్టూ తిరిగి చూశాను. ఎద్దు, గుర్రం, సింహం, వాటి మధ్య 24 ఆకుల చక్రాలు, ఇంకాస్త పక్కకు జరిగితే తొండం దించుకుని నింపాదిగా నడుస్తూ నీ ఏనుగు. మూడు సింహాలే కనబడే బొమ్మలో నాలుగోదానితో పాటు అదీ వెనక్కి పోయింది, అంతే. అడుగున తిరగేసిన పద్మం కూడా ఉంది, 1950లో చిహ్నం చేసేటప్పుడు దాన్ని వదిలేశారు. 1905లో ఓర్టెల్ అనే ఇంజనీరు తవ్విస్తుంటే ఇదంతా మట్టిలోంచి బయటపడిందట, దొరికినవి దొరికిన చోటే ఉండాలని పక్కనే మ్యూజియం కట్టారు, 1910కల్లా పూర్తయింది. నువ్వు పక్కన ఉంటే ఎంత బాగుండేదిరా. జామచెట్టు పందెం నీదే, పచ్చగోళీతో సహా బాకీ నాది.

బుద్ధుడి విగ్రహం గురించి రాయనే లేదు, ధర్మం బోధిస్తూ కూర్చున్నది, పీఠం మీద అయిదుగురు శిష్యుల పక్కన ఒకామె, ఒక చిన్నపిల్లాడు, అమ్మ వాళ్ళనే చూస్తూ ఎంతసేపు నిలబడిందో, చివరికి నాతో ఏమందంటే... ఉండు, సత్రంలో లైట్లు తీసేస్తున్నారు. రేపు రాస్తాను.

నీ
రాజు